ఒక ప్రశ్నకు పాతికేళ్ళు

కంప్యూటర్ గ్రాఫిక్స్ చరిత్ర చెప్పమంటే చాలామంది యంత్రాల కథ చెబుతారు. మొదట గీతలు మాత్రమే గీసే తెరలుండేవి, తరవాత రంగులొచ్చాయి, ఆ తరవాత వేగం పెరిగింది, ఇప్పుడు జేబులో ఫోను కూడా సినిమాలాంటి బొమ్మ చూపిస్తోంది అంటారు. ఈ కథలో అబద్ధమేమీ లేదు, మనుషులే లేరు. 1960ల నడిమి నుంచి 1990ల నడిమి దాకా, సుమారు ముప్ఫయ్యేళ్ళ పాటు, ఈ విద్యను పునాది నుంచి కట్టుకొచ్చినవాళ్ళు ఒక తీరున బతికారు. ఇరవయ్యో ఏట ఒక ప్రశ్న పట్టుకునేవారు. దానికి జవాబు దొరికేసరికి తల నెరిసేది. ఈ మధ్యలో విశ్వవిద్యాలయాలు మారేవి, కంపెనీలు మారేవి, డబ్బు పెట్టేవాళ్ళు మారేవాళ్ళు, ప్రశ్న మాత్రం మారేది కాదు. వాళ్ళకు ఉద్యోగాలు అద్దె ఇళ్ళు, ప్రశ్న సొంత ఇల్లు. ఆ తరహా జీవితం ఇప్పుడు దాదాపు లేదు. అది పోవడానికి కారణం యంత్రాల వేగమని అందరూ అనుకుంటారు. నాకు అలా తోచదు. ఫలితం ఎప్పుడని అడగకుండా జీతాలిచ్చే పోషకులు కనుమరుగవడం వల్ల అది పోయింది. ఈ మాట నిలబడాలంటే ఆ రోజుల్లో పని నిజంగా ఎలా జరిగిందో కొంచెం తీరిగ్గా చూడాలి.

కథ 1963లో ఐవాన్ సదర్లాండ్‌తో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఎం.ఐ.టి. వారి లింకన్ లేబొరేటరీలో టి.ఎక్స్-2 అనే పెద్ద యంత్రం ఉండేది. దాని తెర మీద కాంతి కలంతో బొమ్మలు గీసి, గీసిన గీతల మధ్య సంబంధాలను యంత్రమే కాపాడేటట్టు చేసిన 'స్కెచ్‌పాడ్' ఆయన డాక్టరేటు పని. అప్పట్లో కంప్యూటర్ వాడాలంటే చిల్లులు పొడిచిన కార్డుల కట్ట కిటికీలోంచి లోపలికి అందించి, ఫలితం కోసం మర్నాడు రావాలి. అలాంటి కాలంలో అంత ఖరీదైన యంత్రాన్ని ఒక కుర్రవాడికి గంటల తరబడి ఒంటరిగా అప్పజెప్పారు. ఆ గంటకు లెక్కగట్టి ఏ లాభమూ చూపించలేరు. మరుసటి ఏడాది, 1964లో, ఆ సదర్లాండే అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ ఆర్పాలో కంప్యూటర్ విభాగానికి అధిపతి అయ్యాడు. అప్పటికి ఆయనకు ఇరవయ్యారేళ్ళు. ఆర్పా పద్ధతి ఇప్పటివాళ్ళకు వింతగా ఉంటుంది. మంచి మనిషిని వెతుక్కోవడం, అతనికి కొన్నేళ్ళకు సరిపడా డబ్బు ఒక్కసారే ఇవ్వడం, తరవాత అతని దారికి అడ్డు రాకపోవడం. ఆ పద్ధతిలోనే 1960ల నడుమ యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఎవాన్స్ చేతికి గ్రాఫిక్స్ కోసం సొమ్ము అందింది. 1968లో సదర్లాండ్ కూడా అక్కడికే చేరాడు. కంప్యూటర్ రంగంలో అంతకుముందు ఎవరూ పేరు కూడా తలవని ఆ ఊరు, సాల్ట్ లేక్ సిటీ, 1969 డిసెంబరుకల్లా ఆర్పా వేసిన కంప్యూటర్ల వల ఆర్పానెట్‌లో నాలుగో కూడలి అయింది.

అక్కడి విద్యార్థుల జాబితా చూస్తే ఒకే బడిలో ఇంతమందా అనిపిస్తుంది. జాన్ వార్నాక్ 1969లో, ఒక వస్తువు వెనక దాగిన భాగాలను తెర మీద ఎలా తీసేయాలో చెప్పి డాక్టరేటు పుచ్చుకున్నాడు; 1982లో అడోబీ స్థాపించినవాళ్ళలో ఒకడు. ఫ్రాన్సు నుంచి వచ్చిన ఆన్రీ గురో 1971లో పలకల అంచులు కనపడకుండా వెలుగునీడల్ని క్రమంగా మారేటట్టు పరిచే ఉపాయం కనిపెట్టాడు. హనోయిలో పుట్టిన బుయి తువాంగ్ ఫాంగ్ 1973లో నునుపైన వస్తువు మీద మెరుపు ఎక్కడ పడాలో లెక్క కట్టాడు. రెండేళ్ళకే, ముప్ఫయ్యేళ్ళు దాటీ దాటకుండానే, చనిపోయాడు. ఇవాళ ప్రపంచంలో గ్రాఫిక్స్ నేర్చుకునే ప్రతి విద్యార్థీ మొదటి నెలలోనే ఆయన పేరు రాస్తాడు. ఎడ్విన్ కాట్‌మల్, జిమ్ క్లార్క్, హెన్రీ ఫుక్స్, మార్టిన్ న్యూయెల్, జిమ్ బ్లిన్ అందరూ అక్కడివాళ్ళే. వీళ్ళంతా పుట్టుమేధావులని సరిపెట్టుకోవచ్చు. కాని ఎడారి అంచునున్న ఊరికి, అంతగా పేరు లేని విభాగానికి, ప్రపంచంలోని మేధావులందరూ ఒకే దశాబ్దంలో కట్టగట్టుకుని ఎందుకు వెళ్తారు? వెళ్ళాక అయ్యారనుకోవడమే సబబు. అక్కడ వాళ్ళ ముందు పెట్టింది ఒకే పెద్ద ప్రశ్న: కంటికి నిజమనిపించే బొమ్మను లెక్కలతో పుట్టించడం ఎలా? దాన్ని ముక్కలుగా పంచుకున్నారు. ఒకరి ముక్క తేలితేనే మరొకరి ముక్క ముందుకు కదిలేది.

పని ఎంత మొరటుగా ఉండేదో చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ మొరటుతనంలోనే ఆ బతుకు రుచి ఉంది. త్రిమితీయ వస్తువును యంత్రంలోకి ఎక్కించే సాధనాలేవీ లేవు. 1972లో సదర్లాండ్ తరగతి విద్యార్థులు ఒక ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు మీద గీతలు గీసి, బద్దలు పెట్టి, ఒక్కో బిందువూ కొలిచి రాసుకున్నారు. అదే ఏడాది కాట్‌మల్ తన ఎడమచెయ్యి అచ్చు పోసి, దాని మీద చిన్న చిన్న పలకలు గీసి, వాటి కొలతలు ఎక్కించి, వేళ్ళు ముడిచి తెరిచే చిన్న చిత్రం తీశాడు. ఫ్రెడ్ పార్క్ మనిషి ముఖాన్ని కదిలించాడు. ఆ చేతి బొమ్మను 2011లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చారు. 1975లో న్యూయెల్ టీపాట్ వచ్చింది. భార్య సాండ్రా సలహా మీద ఇంట్లో ఉన్న టీపాట్‌ను గళ్ళకాగితం మీద గీసి, ఫ్రెంచి కార్ల పరిశ్రమలో పుట్టిన బెజియే వక్రాలతో లెక్కగా మార్చి, ఆ అంకెలు అడిగినవాళ్ళందరికీ ఇచ్చేశాడు. అప్పటి నుంచి కొత్త పద్ధతి ఎవరు కనిపెట్టినా ముందు టీపాట్ మీద చూపించడం రివాజయింది. ఆ అంకెలు ఒక కంపెనీ సొత్తయి ఉంటే ఈ విద్యకు ఇలాంటి ఉమ్మడి కొలమానం ఏర్పడేదా? 1974లో కొలరాడో రాష్ట్రం బోల్డర్‌లో జరిగిన మొదటి సిగ్రాఫ్ గ్రాఫిక్స్ సమావేశానికి వచ్చింది ఓ ఆరువందల మంది. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు దాదాపు అందరూ ఒకరికొకరు ముఖపరిచయం ఉన్నవాళ్ళే. 1997లో లాస్ ఏంజెలెస్ సమావేశానికి వచ్చినవాళ్ళు నలభై ఎనిమిది వేల పైచిలుకు. వాళ్ళలో ఒకరి పని మరొకరికి తెలిసే వీలేది?

ఇక నా వాదనకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం: కాట్‌మల్ 1974 సిద్ధాంత వ్యాసంలో చెప్పిన జెడ్-బఫర్. బెర్లిన్‌లో వోల్ఫ్‌గాంగ్ స్ట్రాసర్ కూడా అదే ఏడాది, విడిగా, అదే ఆలోచనకు వచ్చాడు. వెనకున్నదాన్ని ముందున్నది ఎలా కప్పాలన్నది అప్పటి పెద్ద చిక్కు. అందరూ వస్తువుల్ని దూరాన్నిబట్టి వరసపెట్టే తెలివైన ఉపాయాలు వెతుకుతున్నారు. జెడ్-బఫర్‌లో ఆ తెలివేమీ లేదు. తెర మీద ప్రతి చుక్కకూ దాని రంగుతో పాటు, అది కంటికి ఎంత దూరంలో ఉందో కూడా రాసిపెట్టుకోవడం. అక్కడికే మరో వస్తువు వస్తే దగ్గరది ఉంచి దూరపుది చెరిపేయడం. అంతే. చిక్కల్లా మెమరీ ఖరీదుతోనే. 512 అడ్డం, 512 నిలువు ఉన్న తెరకు 2,62,144 చుక్కలు. చుక్కకు ఎనిమిది బిట్ల చొప్పున రంగు మాత్రమే దాచే ఫ్రేమ్ బఫర్ ధర 1970ల నడుమ సుమారు 80,000 డాలర్లు. దూరాలు కూడా దాచాలంటే అంతకు రెట్టింపు మెమరీ కావాలి. అదే 1974లో సదర్లాండ్, స్ప్రౌల్, షూమాకర్ కలిసి అప్పటికున్న పది పద్ధతుల్ని పోల్చి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఇలాంటి మొరటు దారిని భరించలేని ఖర్చని పక్కన పెట్టారు. ఆ రోజు ధరల ప్రకారం వాళ్ళ మాట అక్షరాలా నిజం. ఇవాళ మీ ఫోనులో ఆట ఆడుతున్నప్పుడు జరుగుతున్నది మాత్రం జెడ్-బఫర్. మెమరీ చవకైంది, తెలివైన ఉపాయాలు అటకెక్కాయి. వచ్చే ఏడాది ఏం చూపిస్తావని నిలదీసే చోట ఉన్నవాడు ఇలాంటి దారి పట్టడు. పట్టినా పై అధికారి ఒప్పుకోడు. ఇవాళ అసంబద్ధంగా కనిపించి పదేళ్ళ తరవాత మాత్రమే సబబయ్యే జవాబును ధైర్యంగా రాసుకోగలగడమే దీర్ఘకాలపు పరిశోధన ఇచ్చే లాభం. అది యంత్రం నుంచి రాదు, గడువు లేకపోవడం నుంచి వస్తుంది.

యూటాలో డబ్బు శాశ్వతం కాదు. సైనిక అవసరానికి నేరుగా సంబంధం లేని పరిశోధన మీద రక్షణ శాఖ ఖర్చు పెట్టకూడదని 1969లో అమెరికా చట్టసభ తెచ్చిన మాన్స్‌ఫీల్డ్ సవరణతో ఆర్పా చెయ్యి మెల్లిమెల్లిగా బిగిసింది. 1972లో దాని పేరులో 'రక్షణ' కూడా వచ్చి చేరింది. ఆ తరవాతే వలస జీవితం మొదలైంది. కాలిఫోర్నియాలో జిరాక్స్ వారి పార్క్ ప్రయోగశాలలో రిచర్డ్ షూప్ 1973కల్లా సూపర్‌పెయింట్ అనే రంగుల యంత్రం నిలబెట్టాడు. ఆల్వీ రే స్మిత్ దాని మీద బొమ్మలు వేశాడు. ఆఫీసులకు రంగు ఎందుకని సంస్థ అనుకుంది, స్మిత్ బయటికొచ్చాడు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో అలెగ్జాండర్ షూర్ అనే ధనవంతుడు, న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అధిపతి, కంప్యూటర్‌తో కార్టూన్ సినిమా తీయాలని మోజు పడ్డాడు. 1974-75లో కాట్‌మల్, స్మిత్ మరో ఇద్దరితో కలిసి ఆయన ఎస్టేటులోని గరాజులో మకాం పెట్టారు. అడిగిన యంత్రమల్లా కొనిచ్చాడాయన. బొమ్మ మీద బొమ్మను అంచులు తెలియకుండా అతికించడానికి ప్రతి చుక్కకూ పారదర్శకత చేర్చే ఆల్ఫా చానల్ అక్కడ పుట్టిందే. 1979లో సినిమా దర్శకుడు జార్జ్ లూకాస్ పిలిస్తే కాలిఫోర్నియాకు మకాం మారింది. 1986లో ఆ బృందం అక్కడి నుంచి విడివడి, స్టీవ్ జాబ్స్ కోటి డాలర్ల పెట్టుబడితో పిక్సార్ అనే కంపెనీ అయింది. ఆ కంపెనీ అమ్మిన యంత్రం పెద్దగా చెల్లలేదు. జాబ్స్ సొంత డబ్బు ఇంకా ఎన్నోసార్లు దించాల్సి వచ్చింది. 1995 నవంబరులో 'టాయ్ స్టోరీ' విడుదలైంది. పూర్తి నిడివి సినిమాను కంప్యూటర్‌తోనే తీయాలన్న కోరిక యూటా రోజుల నాటిది. ఇరవయ్యేళ్ళు దాటాయి, యజమానులు ముగ్గురు మారారు.

ఇక్కడ మొదటి అభ్యంతరం రావడం సహజం. ఇదంతా లేమిని ముద్దు చేయడమే కదా, ఆ రోజుల్లో యంత్రాలు నత్తనడక నడిచేవి కాబట్టి పని పాతికేళ్ళు పట్టింది, వేగం వచ్చాక ఓపిక ఎందుకు అంటారు. ఈ మాటకు లెక్కలే జవాబు చెబుతాయి. 1980లో బెల్ లేబ్స్‌కు చెందిన టర్నర్ విటెడ్, గాజు గోళాల మీద ప్రతిబింబాలు పడే ప్రసిద్ధమైన బొమ్మ ప్రచురించాడు. వ్యాక్స్ 11/780 యంత్రానికి ఆ ఒక్క బొమ్మకు 74 నిమిషాలు పట్టింది. ఇవాళ అలాంటి బొమ్మలు ఆటబొమ్మంత యంత్రం కూడా సెకనుకు పదుల కొద్దీ వేస్తుంది, నిజమే. కాని 'టాయ్ స్టోరీ'కి 117 సన్ యంత్రాలు పెట్టి, లక్షకు పైగా ఫ్రేములను ఒక్కోదానికి గంటల కొద్దీ లెక్క కట్టించిన అదే సంస్థ, 2013లో 'మాన్‌స్టర్స్ యూనివర్సిటీ'కి ఫ్రేముకు సగటున 29 గంటలు పట్టిందని చెప్పుకుంది. మధ్యలో యంత్రాల బలం ఎన్ని వేల రెట్లు పెరిగిందో! సాంకేతికత ఎంత ముందుకెళ్ళినా ఒక బొమ్మకు పట్టే సమయం తగ్గదని జిమ్ బ్లిన్ చాలాకాలం కిందటే సరదాగా ఒక సూత్రం చేశాడు. వాయేజర్ నౌకలు గురు, శని గ్రహాలను దాటి వెళ్ళే దృశ్యాలను నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో కూర్చుని బొమ్మ కట్టి చూపించినవాడు ఆయన. వేచి ఉండటం ఆయనకు బాగా తెలుసు. కాబట్టి యంత్రం ముందు ఎదురుచూపులు ఎక్కడికీ పోలేదు. డబ్బు పెట్టేవాడి ఎదురుచూపులే పోయాయి.

రెండో అభ్యంతరం దీనికంటే గట్టిది. గెలిచినవాళ్ళ కథ వెనక్కి తిరిగి చెప్పుకుంటే ప్రతి పోషకుడూ దూరదృష్టి ఉన్నవాడిలాగే కనిపిస్తాడు, ఓపిక పట్టి మునిగిపోయినవాళ్ళ మాటేమిటి? ఇది న్యాయమైన ప్రశ్న. షూర్ గరాజునే చూడండి. మొదటి బృందం వెళ్ళిపోయాక కూడా అక్కడ ప్రతిభ తక్కువేమీ కాదు. దూరంగా ఉన్న వస్తువుల మీది నగిషీలు చెదిరిపోకుండా చూపే మిప్‌మ్యాప్ పద్ధతిని లాన్స్ విలియమ్స్ 1983లో అక్కడి నుంచే ప్రచురించాడు. కాని వాళ్ళు ఏళ్ళ తరబడి తలకెత్తుకున్న 'ది వర్క్స్' అనే సినిమా పూర్తి కాకుండానే ఆగిపోయింది. షూర్ తనకోసం పాత పద్ధతిలో తీయించిన 'టబ్బీ ద ట్యూబా' కూడా ఎవరికీ నచ్చలేదు. పెట్టుబడిదారుగా చూస్తే ఆయన ఓడిపోయాడు. అయితే ఆ ఓడిన డబ్బే ఆల్ఫా చానల్‌నూ మిప్‌మ్యాప్‌నూ కన్నది. ఈ రెండూ లేకుండా ఇవాళ ఏ సినిమాకూ, ఏ వీడియో ఆటకూ పని జరగదు. పోషకుడికి నష్టం, విద్యకు లాభం: ఆ తరహా పరిశోధనలో చాలాసార్లు జరిగింది ఇదే. దీన్నిబట్టి ఓపిక ఉంటే చాలు అనలేం, నిజమే. ఓపిక ఉన్న చోటల్లా పంట పండలేదు. పండిన చోటల్లా మాత్రం ఎవరో ఒకరు, మోజుతోనో మొండితనంతోనో సైనిక బడ్జెట్‌తోనో, గడువు మాట ఎత్తకుండా ఉన్నారు.

ఆ రోజులు ఎంతో గొప్పవన్న భ్రమ కూడా అక్కర్లేదు. జ్ఞానం ఊరికే పంచిపెట్టారని పైన అన్నాను; అది ఎల్లకాలం సాగలేదు. బొమ్మ అంచుల్లో మెట్లు మెట్లుగా కనిపించే వికారాన్ని పోగొట్టే యాదృచ్ఛిక నమూనా పద్ధతిని లూకాస్‌ఫిల్మ్ బృందం 1984లో సిగ్రాఫ్‌లో చదివింది. దాని మీద పేటెంటు తీసుకోవడం కూడా జరిగింది. సినిమా దగ్గరపడే కొద్దీ తలుపులు మూసుకుంటూ వచ్చాయి. ఇంకా పెద్ద లోపం ఆడవాళ్ళ విషయంలో ఉంది. యూటా నుంచి వచ్చిన ప్రసిద్ధమైన డాక్టరేట్లన్నీ దాదాపు మగవాళ్ళవే. కొలిచిన కారు సదర్లాండ్ భార్యది. గురో తన పద్ధతి చూపించిన ముఖం ఆయన భార్య సిల్వీది. టీపాట్ ఊహ న్యూయెల్ భార్యది. బొమ్మల్లో ఉన్నారు, వ్యాసాల మీద పేర్లలో లేరు. ఓపికగల పోషకుడు తనలాంటివాళ్ళనే వెతుక్కుంటాడన్నది ఈ పద్ధతికి అంటిన మచ్చ. దరఖాస్తులూ నియమాలూ ఉన్న ఇప్పటి పద్ధతి ఈ ఒక్క విషయంలో మెరుగు. కాని ఎవరిని ఎంచుకున్నారన్నది వేరు, ఎంచుకున్నవాళ్ళకు ఎంతకాలం ఇచ్చారన్నది వేరు. మొదటిదాన్ని దిద్దుకోవడానికి రెండోదాన్ని వదులుకోనక్కర్లేదు.

ఈ బతుకు తెలుగువాళ్ళకు పూర్తిగా పరాయిది కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బల రాజగోపాల రెడ్డి, ప్రపంచానికి రాజ్ రెడ్డి, బొమ్మల దారిలో కాకపోయినా దాని పక్కదారిలోనే నడిచారు. యంత్రానికి మనిషి మాట వినిపించడం ఆయన ప్రశ్న. 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు, 1969 నుంచి కార్నెగీ మెలన్. ఆర్పా 1971లో మాటలు అర్థం చేసుకునే యంత్రాల కోసం ఐదేళ్ళ పథకం పెట్టింది. ఆయన బృందం హియర్‌సే, హార్పీ అనే వ్యవస్థలు కట్టింది. 1976లో పథకం ఆగిపోయింది, డబ్బు ఆగింది. ప్రశ్న ఆగలేదు. 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి దానికి మొదటి సంచాలకుడయ్యారు. 1980ల చివర ఆయన దగ్గరి విద్యార్థి కై-ఫు లీ, మాట్లాడేవాళ్ళు మారినా తడబడని స్ఫింక్స్ వ్యవస్థను తీసుకొచ్చాడు. 1994లో కంప్యూటర్ రంగపు ట్యూరింగ్ అవార్డు వచ్చేనాటికి ఆయన ఆ ఒక్క ప్రశ్నతో మూడు దశాబ్దాలు గడిపారు. ఇప్పుడు ఫోనుతో తెలుగులో మాట్లాడితే అది ఎంతోకొంత గ్రహించడం వెనక ఆ మూడు దశాబ్దాల పని కూడా ఉంది.

చివరి అభ్యంతరం ఈ కాలానిది. ఇప్పుడు పరిశోధన మీద పోసినంత డబ్బు మానవచరిత్రలో ఎన్నడూ పోయలేదు, కృత్రిమ మేధ కోసం కంపెనీలు లక్షల కోట్లు కుమ్మరిస్తున్నాయి, పోషకులు పోయారని ఎలా అంటారు? డబ్బు పోలేదు, అది వాస్తవం. ఆ డబ్బు ఎక్కడికి వెళ్తోందో చూడాలి. కృత్రిమ మేధనే తీసుకుందాం. పిక్సార్‌లో పాట్ హాన్‌రహాన్ 1980ల చివర రెండర్‌మాన్ అనే బొమ్మలు కట్టే సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాడు. రాయి రాయిలా, గుడ్డ గుడ్డలా కనిపించడానికి కళాకారుడే చిన్న ప్రోగ్రాం రాసుకునే షేడింగ్ భాష ఆయన పనిలో ఒకటి. తరవాత స్టాన్‌ఫర్డ్‌లో ఆయన విద్యార్థులు, ఆటల కోసం చేసిన గ్రాఫిక్స్ చిప్‌ను సాధారణ లెక్కలకు వాడుకునే బ్రూక్ భాష తయారుచేశారు. ఆ దారే ఎన్‌విడియా వారి కుడా అనే ప్రోగ్రామింగ్ వేదికకు చేర్చింది. 2007లోనే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు కుడా వాడి పెద్ద పెద్ద గ్రాఫుల లెక్కలను ఒక మామూలు ఆటల కార్డు మీద పరిగెత్తించి వ్యాసం రాశారు. 2012లో టొరంటోలో బొమ్మలను గుర్తుపట్టే వ్యవస్థ అలెక్స్‌నెట్ అలాంటివే రెండు కార్డుల మీద తర్ఫీదు పొందింది, ఇప్పటి మేధ వెల్లువకు అదే తలుపు తీసింది. అంటే బొమ్మలో గుడ్డ నిజమనిపించాలని తాపత్రయపడ్డవాళ్ళ పనే, ఎవరూ అనుకోని చోట, పాతికేళ్ళ తరవాత, వేరే పంటగా వచ్చింది. 2019 ట్యూరింగ్ అవార్డు కాట్‌మల్‌కూ హాన్‌రహాన్‌కూ కలిపి ఇచ్చారు. ఇవాళ పోస్తున్న లక్షల కోట్లు ఈ పంట కోయడానికి, ఉన్న జవాబును మరింత పెద్దది చేయడానికి. అది తప్పని నేననను. కాని ఎవరికీ పంటలా కనిపించని ప్రశ్నతో పాతికేళ్ళు కూర్చునే మనిషికి అందులో కుర్చీ లేదు. ఏడాదికో వ్యాసం, మూడేళ్ళకో ప్రాజెక్టు, ఆపైన కొత్త అంశం: పరిశోధకుడి జీవితం ఇలా ముక్కలైంది.

హైదరాబాద్‌కు ఈ విద్య ఏ రూపంలో చేరిందో గమనిస్తే ఇది మరింత తేటపడుతుంది. 'టాయ్ స్టోరీ' వచ్చిన 1995లోనే 'అమ్మోరు' కూడా వచ్చింది. తెలుగు ప్రేక్షకులు కంప్యూటర్ మాయను నోరు తెరుచుకుని చూసిన తొలి సినిమాల్లో అదొకటి. తరవాత 'ఈగ', 'బాహుబలి'. నగరంలో స్టూడియోలు వెలిశాయి. రోటో, పెయింట్, మ్యాచ్‌మూవ్ పేర్లతో హాలీవుడ్ పని షాట్ల లెక్కన ఇక్కడికి వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో 1987లో పుట్టిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉండేది. 'లైఫ్ ఆఫ్ పై'లో పులిని తీర్చిదిద్దిన సంస్థ అదే. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా తీసింది. అదే నెలలో ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. మన కుర్రవాళ్ళ చేతి నైపుణ్యం ఎవరికీ తీసిపోదు, అందులో సందేహం లేదు. కాని ఇక్కడికి వచ్చినవి అప్పటికే తయారైన పనిముట్లు, గడువు తేదీలు. ప్రశ్నలు రాలేదు. గడువు మీద బతికే స్టూడియో నుంచి కొత్త పనిముట్టు పుట్టాలని ఆశించడం అన్యాయం. ఆ పని మరెవరిదో.

ఎవరిదో చెప్పడం కష్టమేమీ కాదు. మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధన డబ్బు సాధారణంగా మూడేళ్ళ గడువుతో వస్తుంది. రెండో ఏడు సగమయ్యేసరికి తరవాతి దరఖాస్తు రాసుకోవాలి. సినిమాలతో సంపాదించినవాళ్ళు, సాఫ్ట్‌వేర్‌తో సంపాదించినవాళ్ళు, రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు, వీళ్ళలో ఎవరైనా ఒక్కరు ఒక్క బృందానికి మూడేళ్ళు కాకుండా పదేళ్ళు ఇచ్చి చూడాలి. ఆడపిల్లల్ని, చిన్న ఊళ్ళవాళ్ళని కూడా వెతికి ఎంచుకోవాలి, ఎంచుకున్నాక ఏటేటా లెక్కలడగకూడదు. పదిమందికి తలా ఏడాదికి ఇరవై లక్షల జీతం వేసుకున్నా పదేళ్ళకు అయ్యేది ఇరవై కోట్లు. ఒక భారీ తెలుగు సినిమాలో గ్రాఫిక్స్‌కు ఇంతకంటే ఎక్కువే ఖర్చవుతోంది.